మరక పట్టని కార్పెట్ వెనుక: ప్రొటెక్టర్ రసాయనాల ముప్పు ఎవరికి, ఎప్పుడు?

కార్పెట్ శుభ్రం చేయడం ముగిసి, తడి ఇంకా ఆరకముందే దానిపై మరో ద్రవాన్ని పిచికారీ చేయడం ఈ వృత్తిలో చాలాకాలంగా ఉన్న అలవాటు. ఆ ద్రవాన్ని ప్రొటెక్టర్ అంటారు. కాఫీ ఒలికినా, నూనె చుక్క పడినా పీచులోకి ఇంకకుండా పైనే నిలబెట్టడం, తర్వాతిసారి మురికి సులువుగా వదిలేలా చూడటం దాని పని. శుభ్రపరిచినందుకు తీసుకునే రుసుముకు తోడు దీనికి విడిగా డబ్బు తీసుకుంటారు. పనికి వెళ్ళినవారు దీన్ని అమ్మగలిగితే కమీషన్ ఇచ్చే సంస్థలూ ఉన్నాయి. ఆ కార్పెట్‌కు నిజంగా ఈ పూత అవసరమా అన్న ప్రశ్న పుట్టకముందే అమ్మకం పూర్తవుతుంది.

ఇది ఆరోగ్యానికి హాని చేస్తుందా అని అడిగితే వినిపించే జవాబు దాదాపు అన్నిచోట్లా ఒకటే: ఆరిపోయాక ఏ భయమూ లేదు. ఈ జవాబును అబద్ధమని కొట్టిపారేయలేం. కాకపోతే అసలు ప్రశ్నలో అతి చిన్న భాగానికే అది సమాధానం చెబుతోంది. ఆరకముందు గాలిలో తేలే తుంపరను రోజూ పీల్చేది ఎవరు? ఆరిన పూత నడకకు అరిగి ధూళిలో కలిశాక ఎక్కడికి చేరుతుంది? మళ్ళీ కడిగినప్పుడు మురికినీటితో ఎటు పోతుంది? ఈ మూడింటినీ పక్కనపెట్టి కార్పెట్ ఆరిన ఆ ఒక్క రోజు గురించి మాత్రమే మాట్లాడటం వల్లనే ఇంతకాలం చర్చ ముందుకు సాగలేదు. అన్నిటికంటే తక్కువ పట్టింపుకు నోచుకున్నది మొదటి ప్రశ్న, అంటే పిచికారీ చేసే మనిషి ఊపిరితిత్తుల సంగతి.

డబ్బాలో ఉన్నదేమిటి

ప్రొటెక్టర్లన్నీ ఒక్కటి కావు. ప్రధానంగా మూడు రకాలు వాడుకలో ఉన్నాయి. మొదటిది ఫ్లోరిన్ కలిసిన పాలిమర్, అంటే ఫ్లోరోకెమికల్. రెండోది సిలికోన్. మూడోది నైలాన్ కోసం తయారైన రంగు నిరోధకం. నైలాన్ పీచులో ఆమ్ల రంగులు అతుక్కునే స్థానాలుంటాయి. పానీయాల్లోని ఎర్రరంగు వాటికి పట్టిందంటే వదలదు. రంగు నిరోధకం ఆ స్థానాలను ముందే ఆక్రమించుకుంటుంది. దీని పనికి ఫ్లోరిన్‌తో సంబంధం లేదు. డబ్బా మీద పేరు చూసి ఈ తేడా చెప్పడం కష్టం. పైగా కొన్ని ఉత్పత్తుల్లో ఫ్లోరోకెమికల్, రంగు నిరోధకం రెండూ కలిపి ఉంటాయి.

ఫ్లోరోకెమికల్‌కు ఇంత ఆదరణ ఎందుకు వచ్చిందో అర్థం కావాలంటే కొంచెం భౌతికశాస్త్రం అవసరం. ఒక ద్రవం ఒక ఉపరితలంపై పరుచుకుంటుందా, బొట్టుగా నిలుస్తుందా అన్నది ద్రవపు తలతన్యతకూ ఉపరితల శక్తికీ మధ్య తేడాను బట్టి తేలుతుంది. ద్రవానిది తక్కువైతే అది పరుచుకుంటుంది. నీటి తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్లు. నూనెలది సుమారు 20 నుంచి 35 మధ్య ఉంటుంది. నైలాన్ ఉపరితల శక్తి 40కి పైనే కాబట్టి నూనె దానిపై హాయిగా పరుచుకుంటుంది. సిలికోన్‌ది 20కి కాస్త పైన ఉంటుంది. నీటిని ఆపడానికి అది చాలు, నూనెను ఆపడానికి చాలదు. ఫ్లోరిన్ నిండిన కర్బన గొలుసుల కొనలు వరుసగా నిలిచిన ఉపరితలంలో ఆ విలువ 6 దాకా పడిపోతుంది. నీటినీ నూనెనూ రెండింటినీ నిలబెట్టగలిగింది ఈ ఒక్క రసాయన కుటుంబమే. దీన్ని వదులుకోవడానికి వృత్తిలోనివారు అంతగా వెనుకాడటానికి కారణం ఇదే. ఆ సంకోచాన్ని మొండితనమని తీసిపారేయడం న్యాయం కాదు.

ఈ గుణానికి మూలమైన కర్బన–ఫ్లోరిన్ బంధం కర్బన రసాయనశాస్త్రంలోని అతి గట్టి బంధాల్లో ఒకటి. ఎండ, వాన, సూక్ష్మజీవులు, మన కాలేయం ఏవీ దాన్ని తేలిగ్గా విడగొట్టలేవు. ఈ కుటుంబాన్నంతటినీ కలిపి పీఎఫ్ఏఎస్ అంటారు. వేల సంఖ్యలో ఉన్న ఈ పదార్థాలకు పత్రికలు పెట్టిన పేరు ఫరెవర్ కెమికల్స్.

యాభై ఏళ్ళ అలవాటు ఎలా ఆగింది

1953లో అమెరికాలోని త్రీఎమ్ ప్రయోగశాలలో ప్యాట్సీ షెర్మన్, శామ్యూల్ స్మిత్ పనిచేస్తుండగా, ఒక సహాయకురాలి బూటుపై ఫ్లోరోకెమికల్ ద్రవం పొరపాటున ఒలికింది. దాన్ని కడగడానికి నీరు, సబ్బు, ద్రావకాలు ఏవీ పనికిరాలేదు. అంతేకాదు, ఆ మచ్చ పడినంతమేర తర్వాత మురికి కూడా పట్టలేదు. అక్కడి నుంచి పుట్టిన స్కాచ్‌గార్డ్ 1956లో మార్కెట్లోకి వచ్చింది. దశాబ్దాల పాటు బట్టలకు, సోఫాలకు, కార్పెట్‌లకు రక్షణ అంటే అదే పేరు గుర్తుకొచ్చేది. 1986లో డ్యూపాంట్ సంస్థ తెచ్చిన స్టెయిన్‌మాస్టర్ కార్పెట్‌లు ఫ్లోరోకెమికల్ పూతను ఇంటింటికీ చేర్చాయి.

స్కాచ్‌గార్డ్ రసాయనం శరీరంలోనూ పర్యావరణంలోనూ చివరికి పీఎఫ్ఓఎస్ అనే, ఎనిమిది కర్బనాల గొలుసున్న పీఎఫ్ఏఎస్ పదార్థంగా మారుతుంది. మనిషి రక్తంలో సేంద్రియ ఫ్లోరిన్ ఉందని శాస్త్రవేత్తలు 1968 నుంచే చెబుతూ వచ్చారు. 1990ల చివరికి కర్మాగారంతో ఏ సంబంధమూ లేని సాధారణ రక్తదాతల రక్తంలో కూడా పీఎఫ్ఓఎస్ బయటపడింది. 2000 మే 16న త్రీఎమ్ ఆ తయారీని ఆపేస్తున్నట్లు ప్రకటించింది. 2003లో నాలుగు కర్బనాల పొట్టి గొలుసు ఆధారంగా కొత్త స్కాచ్‌గార్డ్ వచ్చింది. పీఎఫ్ఓఎస్ 2009లో, అదే కుటుంబానికి చెందిన పీఎఫ్ఓఏ 2019లో, పీఎఫ్‌హెక్స్‌ఎస్ 2022లో ప్రకృతిలో విడిపోని కాలుష్యాలను అరికట్టే అంతర్జాతీయ స్టాక్‌హోమ్ ఒప్పందం నియంత్రణ జాబితాల్లో చేరాయి. చట్టాలు ఆలస్యంగా వచ్చినా, వాడకం ఆపితే ఫలితం ఉంటుందని రక్త పరీక్షలే రుజువు చేశాయి. 1999–2000 నుంచి 2017–18 మధ్య అమెరికా ప్రజల రక్తంలో సగటు పీఎఫ్ఓఎస్ 85 శాతానికి పైగా, పీఎఫ్ఓఏ 70 శాతానికి పైగా తగ్గాయి. ఏం చేసినా లాభం లేదు, అంతటా నిండిపోయిందిగా అనే నిరాశావాదులకు ఇంతకంటే గట్టి జవాబు అక్కర్లేదు.

అయితే శరీరం నుంచి ఇవి పోవడానికి పట్టే కాలం చిన్నది కాదు. రక్తంలో ఉన్నది సగానికి తగ్గడానికి పీఎఫ్ఓఏకు సుమారు రెండు నుంచి నాలుగేళ్ళు, పీఎఫ్ఓఎస్‌కు మూడు నుంచి ఐదేళ్ళు పడుతుంది. పీఎఫ్‌హెక్స్‌ఎస్‌కు అంతకంటే ఎక్కువే. కొత్త స్కాచ్‌గార్డ్‌కు మూలమైన పీఎఫ్‌బీఎస్ విషయంలో ఇది నెల రోజుల లెక్క. శరీరం వరకు ఇది నిజంగా పెద్ద మెరుగుదల. ప్రకృతిలో మాత్రం పొట్టి గొలుసు కూడా పొడుగు గొలుసులాగే విడిపోకుండా మిగిలిపోతుంది. నీటిలో ఇంకా సులువుగా ప్రయాణిస్తుంది. కార్బన్ ఫిల్టర్లకు ఇంకా తక్కువ చిక్కుతుంది.

ఆరోగ్యంపై రుజువులు ఎంతవరకు

ఇక్కడ జాగ్రత్తగా మాట్లాడాలి. పీఎఫ్ఏఎస్ వల్ల కలిగే జబ్బుల గురించి బలమైన సాక్ష్యం వచ్చింది కార్పెట్‌ల నుంచి కాదు. కర్మాగారాల కార్మికుల నుంచి, కలుషితమైన తాగునీటి నుంచి వచ్చింది. వెస్ట్ వర్జీనియా, ఒహాయో రాష్ట్రాల్లో ఒక కర్మాగారం చుట్టూ ఉన్న సుమారు 69,000 మందిని పరిశీలించిన శాస్త్రవేత్తల బృందం, పీఎఫ్ఓఏకూ ఆరు ఆరోగ్య సమస్యలకూ సంబంధం ఉండే అవకాశం ఎక్కువని 2012 నాటికి తేల్చింది. అవి అధిక కొలెస్టరాల్, థైరాయిడ్ జబ్బు, పెద్దపేగు పుండ్ల వ్యాధి, గర్భిణుల్లో రక్తపోటు, మూత్రపిండాల క్యాన్సర్, వృషణాల క్యాన్సర్. పీఎఫ్ఓఏ, పీఎఫ్ఓఎస్ రెండూ మనుషుల రోగనిరోధక శక్తికి హాని చేస్తాయని భావించాలని అమెరికా జాతీయ టాక్సికాలజీ కార్యక్రమం 2016లో నిర్ధారించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం 2023 చివర పీఎఫ్ఓఏను క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. పీఎఫ్ఓఎస్‌ను క్యాన్సర్ కలిగించే అవకాశం ఉన్నవాటి వర్గంలో పెట్టింది.

వీటిని చూపించి, ప్రొటెక్టర్ వేయించిన గదిలో కూర్చుంటే క్యాన్సర్ వస్తుందని చెప్పడం తప్పు. ఆ వర్గీకరణ పదార్థానికి క్యాన్సర్ కలిగించే స్వభావం ఉందా అన్నదానికి జవాబు. ఎంత మోతాదులో ఎంత ముప్పు అన్నది వేరే లెక్క. అలాగని ఆ లెక్కలో కార్పెట్ వాటా సున్నా కూడా కాదు. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ పరిశోధకులు 2009లో మార్కెట్లో దొరికే 116 వస్తువుల్లో పీఎఫ్ఓఏ, దాని తరహా ఫ్లోరిన్ ఆమ్లాలను కొలిచారు. సాధారణ ఇంట్లో ముఖ్యమైన మూలాలుగా వారు గుర్తించినవాటిలో ముందే పూత వేసిన కార్పెట్‌లూ, వృత్తిపరంగా వాడే కార్పెట్ సంరక్షణ ద్రవాలూ ఉన్నాయి. 2012లో ప్రచురితమైన కెనడా అధ్యయనం ఇంకా సూటిగా మాట్లాడింది. ఒక కుటుంబంలోని వారి రక్తంలో పీఎఫ్‌హెక్స్‌ఎస్ మిల్లీలీటరుకు 423 నానోగ్రాముల వరకు కనిపించింది. సాధారణ జనంలో ఇది ఒకటి రెండు నానోగ్రాముల స్థాయిలో ఉంటుంది. కారణం వెతికితే, ఏళ్ళ తరబడి పదేపదే ప్రొటెక్టర్ వేయించిన ఇంటి కార్పెట్‌లు, వాటి నుంచి లేచిన ధూళి తేలాయి. ఒక్క కుటుంబంతో లోకమంతటికీ తీర్పు చెప్పలేం. కానీ కార్పెట్ నుంచి రక్తంలోకి దారి ఉందా అన్న ప్రశ్నకు ఆ ఒక్క కుటుంబమే చాలు.

నేలమీద పాకే పసిపిల్లలు ఈ దారికి అందరికంటే దగ్గరగా ఉంటారు. చేతులు నోట్లో పెట్టుకునే వయసు వారిది. శరీర బరువుతో పోలిస్తే వారు మింగే ధూళి పెద్దవారికంటే చాలా ఎక్కువ.

పెద్ద అణువు అనే వాదన

తయారీదారులు తరచూ ఒక వాదన వినిపిస్తారు. ప్రొటెక్టర్‌లో ఉన్నది పాలిమర్, అది చాలా పెద్ద అణువు, చర్మం గుండా గానీ పేగుల గుండా గానీ పోలేదు, కాబట్టి పీఎఫ్ఓఏ గురించిన భయాలు దానికి వర్తించవని ఆ వాదన సారాంశం. ఇందులో మొదటి సగం నిజం. రెండో సగం నిలబడదు. కార్పెట్‌లకు వాడే పాలిమర్లలో ఫ్లోరిన్ గొలుసులు వెన్నెముకలో ఉండవు. యాక్రిలిక్ లేదా యూరిథేన్ వెన్నెముకకు పక్కన వేలాడుతుంటాయి. ఆ అతుకు దగ్గరి బంధం ఫ్లోరిన్ బంధమంత గట్టిది కాదు. క్షార గుణమున్న సబ్బులు, వేడినీరు, కాలం కలిసి దాన్ని మెల్లగా తెంపుతాయి. తెగి బయటపడే ఫ్లోరోటెలోమర్ ఆల్కహాలు అనే చిన్న అణువు ఆవిరిగా గాలిలోకి లేస్తుంది. పీల్చినవారి శరీరంలో అది పీఎఫ్ఓఏగా గానీ, గొలుసు పొడవును బట్టి అదే కుటుంబంలోని పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఏగా గానీ మారుతుంది. పైగా తయారీలో పూర్తిగా అతుక్కోకుండా మిగిలిపోయిన చిన్న అణువులు కొత్త డబ్బాలోనే ఎంతోకొంత ఉంటాయి.

పిచికారీ వేళ ఊపిరితిత్తులకు జరిగేది

దీర్ఘకాలిక జబ్బుల చర్చలో పడి, వెంటనే జరిగే హానిని అందరూ మరచిపోతారు. నిజానికి పనిచేసేవారికి మొదటి ముప్పు అదే. దానికి సంవత్సరాలు అక్కర్లేదు, నిమిషాలు చాలు.

ఊపిరితిత్తుల్లోని గాలిగదుల లోపలి గోడపై సర్ఫాక్టెంట్ అనే పలుచని పొర ఉంటుంది. శ్వాస వదిలిన ప్రతిసారీ ఆ గదులు ముడుచుకుపోయి అతుక్కోకుండా కాపాడేది అదే. తలతన్యతను తగ్గించడం ద్వారా అది ఈ పని చేస్తుంది. ప్రొటెక్టర్ కూడా ఉపరితలాల స్వభావాన్ని మార్చే పదార్థమే. తుంపరలోని ఫ్లోరోపాలిమర్ ఆ పొరను చేరితే దాన్ని చెదరగొడుతుంది. గాలిగదులు మూసుకుపోతాయి, ప్రాణవాయువు రక్తంలోకి చేరడం తగ్గుతుంది. దగ్గు, ఆయాసం, ఛాతీ బిగదీసినట్లుండటం, కొన్నిసార్లు చలి జ్వరం. పీల్చిన కొద్ది నిమిషాల నుంచి కొన్ని గంటల్లోపు ఇవి మొదలవుతాయి. చాలామంది రెండు మూడు రోజుల్లో కోలుకుంటారు. కొందరు ఆసుపత్రిలో ఆక్సిజన్ మీద ఉండాల్సి వస్తుంది.

ఇలాంటి సంఘటనలు నమోదయ్యాయి కూడా. 1992 డిసెంబరులో అమెరికాలోని ఒరెగాన్‌లో తోలు వస్తువులపై కొట్టే స్ప్రే వాడినవారు అనేకమంది ఊపిరి అందక ఇబ్బంది పడ్డారు. ఆ ఉత్పత్తి మిశ్రమాన్ని అంతకు కొద్దికాలం ముందే మార్చారు. 2005 ఆగస్టులో టైల్స్ సందులకు కొట్టే ఒక స్ప్రేను అదే దేశంలో వెనక్కి రప్పించాల్సి వచ్చింది. 2006 మార్చిలో జర్మనీలో స్నానాల గది గోడలకు రక్షణ పూతగా అమ్మిన స్ప్రే వల్ల సుమారు 100 మందికి శ్వాస సమస్యలు వచ్చాయి. పేరులో నానో అని ఉన్నందున మొదట నానో రేణువులను అనుమానించారు. పరీక్షిస్తే అందులో నానో రేణువులే లేవు. వీటిలో ఏదీ కార్పెట్ ప్రొటెక్టర్ కాదు. కానీ ఉపరితలంపై నీరు, మురికి నిలవకుండా పూత వేయడం, దాన్ని తుంపరగా కొట్టడం అన్నిటిలోనూ ఉన్నవే. గమనించాల్సిన మరో సంగతి ఏమిటంటే, పాత మిశ్రమంతో ఏళ్ళ తరబడి ఏమీ కాని ఉత్పత్తి కూడా చిన్న మార్పుతో ప్రమాదకరం కాగలదు. ద్రావకాన్ని మార్చినా, పాలిమర్‌ను మార్చినా, మూత మార్చి తుంపరను సన్నం చేసినా అంతే. ఇరవై ఏళ్ళుగా కొడుతున్నా, నాకేం కాలేదన్న అనుభవం రేపటి డబ్బాకు హామీ ఇవ్వలేదు.

తుంపర పరిమాణం మీదే చాలా ఆధారపడి ఉంటుంది. 10 మైక్రాన్ల కంటే చిన్న బిందువులు ఊపిరితిత్తుల లోతుల్లోకి పోతాయి. వంద మైక్రాన్లు దాటినవి త్వరగా నేలకు దిగిపోతాయి. అందువల్ల తక్కువ ఒత్తిడితో, పెద్ద బిందువులు పడే నాజిల్‌తో, నేలకు దగ్గరగా కొట్టే చేతి పంపు మేలు. పొగమంచులా చిమ్మే ఏరోసాల్ డబ్బా గానీ ఫాగింగ్ యంత్రం గానీ అన్నిటికంటే చెడ్డది. నీటిలో కలిపే రకం కంటే ద్రావకంలో కరిగించే రకం మరింత ప్రమాదకరం. ద్రావకం ఆవిరై బిందువు చిన్నదవుతుంది, పాలిమర్‌ను ఊపిరితిత్తుల పొరలోకి తేలిగ్గా చేరవేస్తుంది, తనవంతుగా తలనొప్పి, మత్తు తెస్తుంది. సున్నితమైన సోఫా బట్టలకు వాడేవి ఎక్కువగా ఈ ద్రావకం రకాలే. పైగా సోఫాకు కొట్టేటప్పుడు తుంపర ముఖానికి ఎదురుగా లేస్తుంది.

ముక్కుకు కట్టుకునే మామూలు మాస్క్ దీనికి చాలదు. ఎన్95 మాస్క్ బిందువులను ఆపుతుంది, ఆవిరిని ఆపదు. ద్రావకం ఉన్నప్పుడు సేంద్రియ ఆవిరిని పీల్చుకునే క్యాట్రిడ్జ్, దాని ముందు రేణువుల ఫిల్టర్ ఉన్న రెస్పిరేటర్ అవసరం. నైట్రైల్ చేతి తొడుగులు, కళ్ళజోడు, కిటికీలు తెరవడం, ఆరేవరకు మనుషులనూ పెంపుడు జంతువులనూ గదిలోకి రానివ్వకపోవడం కనీస జాగ్రత్తలు. తక్కువమందికి తెలిసిన ప్రమాదం ఒకటుంది. వేళ్ళకు అంటిన ఫ్లోరోపాలిమర్ సిగరెట్‌కు తగిలి, ఆ నిప్పు వేడికి విడిపోతే వచ్చే పొగ జ్వరం, ఆయాసం తెస్తుంది. పాలిమర్ పొగ జ్వరమని వైద్యులు పిలిచే ఈ బాధ ఫ్లూ అనుకుని దాటిపోయే రకం.

రోజువారీ పీల్చడం ఏళ్ళపాటు సాగితే ఏమవుతుందో మరో వృత్తి చూపించింది. మంచుమీద జారే స్కీలకు ఫ్లోరిన్ మైనం వేడిచేసి పూసే సాంకేతిక నిపుణుల రక్తంలో పీఎఫ్ఓఏ మధ్యస్థ విలువ మిల్లీలీటరుకు 112 నానోగ్రాములని 2010 నాటి స్వీడన్ అధ్యయనం తెలిపింది. అప్పటి సాధారణ జనంలో అది సుమారు 2.5. వారు పీల్చిన గాలిలో పీఎఫ్ఓఏ కంటే ఫ్లోరోటెలోమర్ ఆల్కహాలే ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంది. శరీరంలోపలే అది పీఎఫ్ఓఏగా మారింది. కార్పెట్ పని అంత వేడిమీద జరగదు కాబట్టి ఆ అంకెలను నేరుగా ఇటు తెచ్చుకోకూడదు. కానీ ఊపిరి ద్వారా, పని చేసే చోటే, ఏ ప్రమాదమూ జరగకుండానే ఇంత పేరుకోగలదన్న సంగతిని ఈ వృత్తి తన సంగతిగానే చదువుకోవాలి.

లేబుల్ చెప్పేది, దాచేది

డబ్బా మీద పీఎఫ్ఓఏ లేదు అని రాసి ఉంటే అందులో పీఎఫ్ఏఎస్ లేదని కాదు. ఎనిమిది కర్బనాల గొలుసును ఆరు కర్బనాలకు కుదించి సీ6 అని అమ్ముతున్నదంతా ఆ కుటుంబానికి చెందినదే. ఆ సీ6 నుంచి పుట్టే పీఎఫ్‌హెచ్‌ఎక్స్‌ఏపై కూడా ఐరోపా సంఘం 2024 సెప్టెంబరులో పరిమితులు విధించింది. ఉత్పత్తిలోని ప్రమాదాలను తయారీదారు తెలిపే సేఫ్టీ డేటా షీట్ చూసినా స్పష్టత రాకపోవచ్చు. ప్రమాదకరమని ఇప్పటికే వర్గీకరించిన పదార్థాలు, అవి కూడా సాధారణంగా ఒక శాతం, క్యాన్సర్ కారకాలైతే 0.1 శాతం మించితేనే అందులో పేరు కనిపించాలన్నది నియమం. పాలిమర్ ఆ వర్గాల్లో పడదు, వ్యాపార రహస్యం అనే మాట చాటున మిగిలినవి దాక్కుంటాయి. అందువల్ల సరఫరాదారును అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఇందులో కావాలని కలిపిన ఫ్లోరిన్ సమ్మేళనం ఏదైనా ఉందా, మొత్తం ఫ్లోరిన్ పరీక్ష ఫలితం రాతపూర్వకంగా ఇవ్వగలరా? సూటిగా జవాబివ్వని డబ్బాను కొనకపోవడం ఉత్తమం. నూనెను కూడా పూర్తిగా ఆపుతుందని చెబుతూనే ఫ్లోరిన్ లేదంటే, పైన చెప్పిన తలతన్యత అంకెలను గుర్తుచేసుకుని రెండోసారి అడగాలి.

చట్టాలు ఈ దిశగా కదిలాయి. కాలిఫోర్నియా రాష్ట్రం పీఎఫ్ఏఎస్ ఉన్న కార్పెట్‌లను 2021 జులై నుంచి, బట్టలకూ తోలుకూ తర్వాత కొట్టే పీఎఫ్ఏఎస్ ద్రవాలను 2022 ఏప్రిల్ నుంచి ప్రత్యేక పరిశీలన ఉత్పత్తుల జాబితాలో చేర్చింది. అమ్మేవారు ప్రత్యామ్నాయాలను వెతికి చూపించాలి. మెయిన్ రాష్ట్రం 2023 జనవరి నుంచి, మినెసోటా 2025 జనవరి నుంచి, కావాలని పీఎఫ్ఏఎస్ కలిపిన కార్పెట్‌ల, బట్టల పూతల అమ్మకాన్నే నిషేధించాయి. చట్టాల కంటే ముందే, 2019లోనే ఇంటి మరమ్మతు, నిర్మాణ సామగ్రి అమ్మే అమెరికాలోని అతిపెద్ద దుకాణాల గొలుసులు ఇలాంటి కార్పెట్‌లు కొనడం ఆపేస్తామన్నాయి.

పూత నిజంగా ఎక్కడ కావాలి

పాలిప్రొపిలీన్, పాలిస్టర్ పీచులకు ఆమ్ల రంగులు పట్టే స్థానాలే లేవు. వాటిపై కాఫీ, పళ్ళరసం మరకలు నైలాన్‌పై పట్టినంతగా పట్టవు. నూనె మురికి పడితే సబ్బుతో తీయాలి. అలాంటి కార్పెట్‌కు రంగు నిరోధకం అమ్మడం వినియోగదారుణ్ణి మోసగించడమే. నైలాన్‌కైతే ఫ్లోరిన్ లేని రంగు నిరోధకం ఎక్కువ మరకల సమస్యను తీర్చగలదు. నూనె జిడ్డు నిత్యం పడే చోట్ల ఫ్లోరోకెమికల్‌కు సమానమైన ప్రత్యామ్నాయం లేదన్నది ఒప్పుకోవాల్సిన సత్యం. అక్కడ పూతకు బదులు తరచుగా వాక్యూమ్ చేయడం, ఒలికిన వెంటనే అద్ది తీయడం, మార్చుకోగల చిన్న పలకల కార్పెట్ వేయడం దారులు. ఒలికిన మరకలో అత్యధిక భాగం మొదటి కొన్ని నిమిషాల శ్రద్ధతోనే పోతుంది. ఇంటింటికీ, ప్రతి పనికీ, అడగకపోయినా ఫ్లోరిన్ పూత కలిపి అమ్మే పద్ధతి మాత్రం ఆగాలి. దానికి చట్టం కోసం ఎదురుచూడనక్కర్లేదు. కమీషన్ పద్ధతిని మార్చితే సగం పని అయిపోతుంది.

మురికినీటి సంగతి మరీ తక్కువగా మాట్లాడుకుంటారు. వేడినీటితో కడిగి పీల్చుకున్న మురికినీటిలో పాత పూత తాలూకు ముక్కలన్నీ ఉంటాయి. మురుగునీటి శుద్ధి కేంద్రాల్లోని సూక్ష్మజీవులు ఫ్లోరిన్ గొలుసును విడగొట్టలేవు. పైగా పెద్ద అణువులను పీఎఫ్ఓఏ వంటివాటిగా మార్చి, లోపలికి వచ్చినదానికంటే ఎక్కువ బయటికి పంపిన సందర్భాలున్నాయి. అమెరికా పర్యావరణ సంస్థ 2024 ఏప్రిల్‌లో తాగునీటిలో పీఎఫ్ఓఏకు పెట్టిన హద్దు లీటరుకు 4 నానోగ్రాములు. ఆ లెక్కన ఒక్క గ్రాము పీఎఫ్ఓఏ 25 కోట్ల లీటర్ల నీటిని ఆ హద్దుకు చేర్చగలదు. ప్రపంచ కార్పెట్ రాజధానిగా పేరుపడ్డ జార్జియా రాష్ట్రంలోని డాల్టన్ మిల్లుల వ్యర్థజలం వల్ల దిగువన ఉన్న రోమ్, గాడ్స్‌డెన్ పట్టణాలు తమ నదీజలాల శుద్ధికి భారీ ఖర్చు పెట్టాల్సి వచ్చి న్యాయస్థానాలకు వెళ్ళాయి. శుభ్రపరిచే వ్యాన్లు మోసుకెళ్ళేది మిల్లులతో పోలిస్తే కొంచెమే. కానీ మిగిలిపోయిన ప్రొటెక్టర్‌ను మురుగుకాల్వలో వంపడం మాత్రం ఏ లెక్కలోనూ చిన్న తప్పు కాదు. దాన్ని ప్రమాదకర వ్యర్థాల సేకరణకు అప్పగించాలి.

ఏళ్ళ తరబడి ఈ పూతలు కొట్టినవారికి రక్త పరీక్ష అవకాశం ఉంది. అమెరికా జాతీయ అకాడమీలు 2022లో వైద్యులకిచ్చిన మార్గదర్శకాల ప్రకారం, వృత్తిరీత్యా పీఎఫ్ఏఎస్‌కు గురైనవారికి ఈ పరీక్ష సూచించవచ్చు. మొత్తం పీఎఫ్ఏఎస్ మిల్లీలీటరుకు 2 నానోగ్రాముల లోపు ఉంటే హాని కలుగుతుందని అనుకోనక్కర్లేదు. 20 దాటితే కొలెస్టరాల్, థైరాయిడ్ పరీక్షలతో పాటు మూత్రపిండాల, వృషణాల క్యాన్సర్ లక్షణాలు, పెద్దపేగు పుండ్ల లక్షణాలపై ప్రత్యేకంగా దృష్టి పెట్టాలి. రక్తంలోంచి వీటిని తీయడానికి ఆమోదం పొందిన మందు లేదు. ఆస్ట్రేలియాలో 285 మంది అగ్నిమాపక సిబ్బందిపై జరిగి, 2022లో ప్రచురితమైన ప్రయోగంలో, ఏడాదిపాటు క్రమం తప్పకుండా ప్లాస్మా దానం చేసినవారిలో పీఎఫ్ఓఎస్, పీఎఫ్‌హెక్స్‌ఎస్ స్థాయిలు గణనీయంగా తగ్గాయి. అది చికిత్సగా ఇంకా స్థిరపడలేదు. పరీక్షకు వెళ్ళేవారు ఏ ఉత్పత్తులు, ఏ సంవత్సరాల్లో, వారానికి ఎన్నిసార్లు వాడారో రాసుకుని వెళ్తే మంచిది. 2002కు ముందు పట్టిన డబ్బాకూ నిన్నటి డబ్బాకూ మధ్య వైద్యుడికి చాలా తేడా ఉంటుంది.